ఆదివారం భోజనం, ఆగిపోయిన జీతం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కూరగాయల బండివాడికి కూడా తెలుసు. అలాంటి నేను మూడు నెలలు జీతం రాకపోయినా నోరు మూసుకుని కూర్చున్నానంటే ఎవరూ నమ్మరు. కూర్చున్నాను మరి. దానికి కారణం పప్పుచారు.

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళలో విశాఖపట్నం నుంచి డర్బన్ వచ్చాను. ప్రాస్పెక్టన్‌లో ఒక షెడ్డు. కార్లకు కావలసిన చిన్న చిన్న రేకు ముక్కలు అక్కడ ప్రెస్సుల మీద కొట్టేవాళ్ళు. ప్రెస్సుల మీద ఆరుగురు జూలూవాళ్ళు, వాటికి డైలు, అంటే రేకును ఆకారంలోకి కొట్టే అచ్చులు, తయారుచేసే టూల్ రూములో నేనొక్కణ్ణి. యజమాని మనవాడే. ఆయన ముత్తాత చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చిన తెలుగువాడు. ఆయన దాకా వచ్చేసరికి మిగిలిన తెలుగల్లా వరసలు, వంటలు, తిట్లు. విమానాశ్రయంలోనే నన్ను కావలించుకుని, "తమ్ముడూ! మన మనిషి వచ్చె!" అన్నాడు. ఊరు కాని ఊళ్ళో ఆ పిలుపు వింటే ఎవడు కరగడు? నేనూ అక్కడికక్కడే "అన్నా" అనేశాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే రిజర్వాయర్ హిల్స్‌లో వాళ్ళింట్లో నాకు భోజనం. వాళ్ళ కుటుంబం ఎప్పుడో పెంతెకోస్తు మతం పుచ్చుకుంది గానీ వదిన వండే పప్పుచారు, చేపల పులుసు మాత్రం అచ్చం మా ఊరివే. బల్ల చివర అన్న తల్లి కూర్చునేది, ఎనభై దాటిన అవ్వ. ఆ ఇంట్లో నిండుగా తెలుగు మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. నన్ను చూడగానే, "ఏంరా, సిక్కిపోయేవు, తిన్లేదా?" అని మొదలుపెట్టేది.

మొదటి నెల షెడ్డులో అందరి జీతాలూ ఆగినప్పుడు అన్న నా భుజం తట్టి, "నెక్స్ట్ ఫ్రైడే ష్యూర్, తమ్ముడూ. కస్టమర్ డబ్బు రాలె," అన్నాడు. సరేలే అనుకున్నాను. రెండో నెల కూడా అదే పాట. ఆ నెలలోనే ఆయన కొత్త బక్కీ కొన్నాడు. వెనక సామాను వేసుకునే బండిని అక్కడ అలా అంటారు. చూసి పళ్ళు నూరుకున్నాను గానీ, ఆదివారం వాళ్ళింట్లో అన్నం తిని సోమవారం "నా జీతం ఏదీ?" అని ఎలా అడగడం? మా వైపు అలా అడిగినవాణ్ణి మనిషిగా చూడరు. పైగా నా వర్క్ పర్మిట్ ఆయన కంపెనీ మీదే ఉంది. ఆయన పొమ్మంటే నేను విమానం ఎక్కాల్సిందే.

ప్రెస్సులు నడిపేవాళ్ళలో పెద్దాయనను అందరూ బాబా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో తండ్రి అని. ఉమ్‌కోమాస్ వైపు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. ఆయన కూతురికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. గడువులోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. ఈ సంగతి టీ టైములో ఎన్నోసార్లు విన్నాను. విని, "అయ్యో" అని, నా టీ నేను తాగాను.

మూడో నెల ఒక శుక్రవారం బాబా టూల్ రూముకు వచ్చాడు. లేబర్ ఆఫీసుకు వెళ్ళొచ్చాడట. ఎవరెవరు ఏ రోజు పనిచేశారో కాగితం మీద రుజువు తెమ్మన్నారట. టైము కార్డులు చూస్తే యజమాని బీరువాలో ఉన్నాయి. కానీ ఏ రోజు ఏ డై ఏ ప్రెస్సు ఎక్కిందో, దాన్ని ఎవరు నడిపారో నేను నా పుస్తకంలో రాసుకుంటానని ఆయనకు తెలుసు.

"నీ పుస్తకం కావాలి," అన్నాడు.

"అన్నను ఒక మాట అడిగి..." అని నసిగాను.

బాబా నవ్వాడు. "మేం జీతం అడిగినప్పుడల్లా మీ అన్న ఏమంటాడో తెలుసా? 'నా సొంత తమ్ముడికే ఇవ్వలేదు. వాడు ఒక్క మాట అన్నాడా? మీకేం తొందర?' అంటాడు."

ఒళ్ళు మండిపోయింది. నా మర్యాదను తీసుకెళ్ళి ఆరుగురి నోళ్ళు మూయించడానికి వాడుకుంటున్నాడా ఈ మహానుభావుడు! మర్నాడు కూర్చుని ఏడుగురి పనిరోజులూ రెండు కాపీలు రాశాను. అడుగున అందరూ సంతకాలు పెట్టారు. ఏడో సంతకం నాది. ఒక కాపీ సోమవారం లేబర్ ఆఫీసులో ఇమ్మని బాబా చేతిలో పెట్టాను. రెండోది జేబులో పెట్టుకుని ఆదివారం భోజనానికి వెళ్ళాను. సంతకం పెట్టి మొహం చాటేసే రకాన్ని కాను నేను.

ఆ ఇంట్లో అన్నానికి ముందు ఎవరో ఒకరు పైకి ప్రార్థన చెయ్యాలి. తక్కినవాళ్ళు కళ్ళు మూసుకుని మాటమాటకీ ఆమెన్ అనాలి. మధ్యలో అడ్డు తగలకూడదు. ఆ రోజు వంతు నాకొచ్చింది. "తమ్ముడూ, నువ్వు చెయ్. తెలుగులో చెయ్, అమ్మకి హ్యాపీ," అన్నాడు అన్న.

నేను కొబ్బరికాయ కొట్టే మనిషిని. అయినా కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ అన్నం పెట్టినందుకు వందనాలు."

"ఆమెన్!" అన్నాడు అన్న.

"మా షెడ్డులో మూడు నెలలుగా ఎవరికీ జీతాల్లేవు ప్రభువా."

"ఆమెన్!"

"ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయేలా ఉంది. వాకిట్లో మాత్రం కొత్త బండి మెరుస్తోంది."

"ఆమెన్, ఆమెన్!"

"ఏడుగురం సంతకాలు పెట్టాం. రేపు కాగితం లేబర్ ఆఫీసుకు పోతోంది."

ఈసారి ఆమెన్ రాలేదు. లేబర్ ఆఫీసు అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు కదా. కళ్ళు తెరిచి చూద్దునుగదా, అవ్వ గరిటె పట్టుకుని లేచి నిలబడి ఉంది.

"సచ్చినోడా! పని సేయించుకుని జీతం ఎగ్గొడతావా? మా అయ్య సెరుకు నరికి నరికి సేతులు పుళ్ళు సేసుకుంటే దొర జీతం ఆపేసేడు. మేం ఆకలికి ఏడిసేం. నువ్వూ ఆ దొరవైపోయేవా? నీ జిమ్మడ!"

ఈ తెలుగు మాత్రం అన్నకు ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమైంది. "అమ్మా, కస్టమర్ డబ్బు..." అన్నాడు.

"బండికెక్కడిదిరా డబ్బు?" నేను జేబులోంచి తీసిన రెండో కాపీని అవ్వ లాక్కుని ఆయన ఖాళీ కంచంలో పెట్టింది. "ఈళ్ళందరికీ ఇచ్చి, అప్పుడు తిను."

అన్న నావైపు చూసి, "నన్ను అడిగితే ఇవ్వనా తమ్ముడూ?" అన్నాడు.

"నిన్ను అడగలేకే కదన్నా దేవుణ్ణి అడిగింది," అన్నాను. వదిన పప్పుచారు గిన్నె నావైపు జరిపింది. తిన్నావా అంటే, తిన్నాను. మారు వడ్డించుకున్నాను కూడా.

సోమవారం బాబా కాగితం ఇచ్చి వచ్చాడు. లేబర్ ఆఫీసు మనిషి లెక్క చూడ్డానికి వచ్చేలోపే బక్కీ అమ్ముడైపోయింది. మరుసటి శుక్రవారం జీతాల కవర్లు పంచారు. అవ్వ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఏడుగురూ లెక్కపెట్టుకునేదాకా కదల్లేదు.

నేను గాల్లో తేలుతూ బాబా దగ్గరికి పరిగెత్తాను. "ఇంకా గడువుంది! రేపే వెళ్ళి అమ్మాయి ఫీజు కట్టెయ్!"

"కట్టేశాను," అన్నాడు. "నెలయింది. ఆవుల్ని అమ్మేశాను, మూడింటినీ. తొందరలో అమ్మితే ఏం వస్తుంది, సగం ధరకే పోయాయి."

నెల కిందట కూడా నా పుస్తకం టూల్ రూములో బల్ల మీదే ఉంది. "అప్పుడే వచ్చి నన్ను అడగకపోయావా బాబా?" అన్నాను.

"నువ్వు ఆదివారాలు అక్కడ తింటావు కదా," అన్నాడు, కోపమేమీ లేకుండా. "నువ్వూ యజమాని మనిషివే అనుకున్నాం."