పిన్ని పుట్టింటి ఇసుక

పోయిన వారం ఆగిరిపల్లిలో మా పిన్ని కన్నుమూసింది. బాబాయి ఫోన్ చేసి ఆ కబురు ఒక్క ముక్కలో చెప్పి, వెంటనే అడిగాడు: "ఎక్కడ పెడదామంటావమ్మా?" ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. పిన్ని తనను ఎక్కడ పూడ్చిపెట్టమందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడ పెట్టనివ్వరనీ తెలుసు.

పిన్ని పుట్టింది బందరుకి దిగువన, సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ చిన్న పాలెంలో. మా నాన్న తమ్ముణ్ణి చేసుకుని ఆగిరిపల్లి మామిడితోటల మధ్యకి వచ్చింది. ఇక్కడి ఎర్రమట్టితో ఆమెకు ఎన్నడూ పొసగలేదు. "కాలికి పట్టుకుంటే వదలదు, ఇదేం నేల అమ్మాయ్," అని వాకిట్లో చెప్పులు విదిలించేది. కాయ కోసే రోజుల్లో తోటలో అందరూ కొమ్మల్లోకి చూస్తుంటే, ఆమె చెంగు కొస గాలికి వదిలి వాటం చూసి, "ఇవాళ మావాళ్ళు వేటకెళ్ళరు," అనేది. "ఇక్కణ్ణించే కనపడుతున్నారా నీకు?" అని బాబాయి ఎగతాళి చేసేవాడు.

ఎనభైల్లో నేను హైస్కూల్లో ఉండగా, ఏటా నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండగకి పిన్ని నన్ను తన పుట్టింటికి తీసుకెళ్ళేది. సంచిలో మామిడి తాండ్ర, ఒళ్ళో బంతిపూల మూట. బందరులో బస్సు మారి, రోడ్డు లేక అది ఆగిపోయిన చోటు నుంచి ఇసుకలో నడక.

ఆ పాలెం శ్మశానంలో ఒక్క రాయి కూడా ఉండేది కాదు. దిబ్బల మధ్య ఇసుకలోనే పూడ్చేవారు. ఆషాఢం గాలులకి సమాధులన్నీ చదునైపోయేవి. పండగ నాడు పొద్దున్నే ఊరంతా వెళ్ళి, ఎవరివాళ్ళకి వాళ్ళు దోసిళ్ళతో ఇసుక ఎత్తి మళ్ళీ కుప్పలు కట్టి, సరుగుడు పుల్లలతో శిలువలు గుచ్చి, కొవ్వొత్తులు పెట్టేవారు. ఎవరు ఎక్కడున్నారన్నది మనుషుల జ్ఞాపకంలోనే ఉండేది. అందుకే తగువులూ ఉండేవి.

"అది అమ్మ కాదే, పక్కింటి మావయ్య," అనేది పిన్ని వాళ్ళక్క.

"నాకు తెలీదా? ఇక్కడే కూర్చుని ఏడ్చాను నేను."

"నువ్వు కళ్ళు మూసుకుని ఏడ్చావు. నేను చూస్తా ఏడ్చాను."

"సరే, మావయ్యే అనుకో. మనకి ఎన్నిసార్లు చేపలిచ్చాడు. ఇంకో దోసెడు ఎక్కువెయ్యి."

చివరికి రెండు చోట్లా ఎత్తేవారు. నేనూ ఎత్తేదాన్ని.

మా నాన్న ఒకసారి, పిన్ని వాళ్ళమ్మ పేరు చెక్కించి రాతిపలక పంపిస్తానన్నాడు. "వద్దు బావగారూ," అంది పిన్ని. "రాయి పెడితే ఇక పనైపోయిందనుకుంటారు పిల్లలు. ఇసుకైతే రాకపోతే పోతుందని భయం. చచ్చిపోయినోళ్ళని ఏడాదికోసారన్నా చేత్తో తాకాలండీ."

ఆ మాట నాకు ఇప్పటికీ అందంగానే వినపడుతుంది. కానీ రాతను తప్ప మనిషిని నమ్మని రాజ్యంలో అలాంటి మాట ఎంత ప్రమాదమో అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ముందు పాలేనికి రోడ్డు వచ్చింది. పిన్ని ఎంత సంబరపడిందో. ఆ రోడ్డు మీదే, ఒక ఆషాఢంలో, జీపు వచ్చింది. వాళ్ళక్కకి ఒంట్లో బాగాలేదని ఆ రోజుల్లో మేము అక్కడే ఉన్నాం. దిబ్బల దగ్గర దిగి కాగితాలు గాలికి ఎగరకుండా పట్టుకున్న ఒక ఆఫీసరు పిన్నిని పిలిచాడు.

"ఇక్కడ ఏముందమ్మా?"

"మావాళ్ళున్నారండి."

ఆయన చుట్టూ చూశాడు. "ఎవరూ లేరే?"

"శ్మశానం బాబూ. మా అమ్మ అదిగో, అక్కడుంది."

"ఏదమ్మా? అంతా ఇసుకేగా."

పిన్ని మోకాళ్ళ మీద కూలబడి కుప్ప ఎత్తడం మొదలుపెట్టింది. ఎత్తింది ఎత్తినట్టే గాలి ఊడ్చుకుపోతోంది. "నవంబరులో రండి, అందర్నీ చూపిస్తాం," అంది ఎత్తుతూనే. ఆయన చెడ్డవాడిలా లేడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. "నవంబరుకి నేనెక్కడుంటానో," అని నవ్వి జీపెక్కాడు.

అంతే. ఖాళీ ఇసుక అని రాసుకుపోయారు. ముందు ముళ్ళకంచె, తర్వాత గెస్ట్‌హౌస్. ప్రారంభం నాడు మా చర్చి సంఘపెద్దలే ప్రార్థన చేసి రిబ్బను పక్కన నిలబడ్డారు. పాలెం మొత్తాన్ని రోడ్డుకి ఇవతల కాలనీకి తరలించారు. ఇప్పుడక్కడ రిసార్టు ఉంది, పచ్చగడ్డి ఉంది, గడ్డి మీద గొడుగులు, కుర్చీలు ఉన్నాయి.

ఈ సంగతి ఏ సభలో చెప్పినా ఒకరు లేచి అడుగుతారు: "కాగితం ఉండాలి కదా మేడమ్? కనీసం ఒక రాయి?" తల్లి పక్కన తల్లిని పూడ్చుకుంటూ వచ్చిన ఊరు ఆధారం చూపించాలి. ఒక్క మధ్యాహ్నం చూసి వెళ్ళినవాళ్ళు మాత్రం ఏదీ చూపించక్కర్లేదు. నవంబరులో రమ్మన్నారు కదయ్యా, ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న వాళ్ళనెవరూ అడగరు. అభివృద్ధికి నేను అడ్డం కాదు. ఆ రోడ్డు మీద ఆస్పత్రికి వెళ్ళి బతికినవాళ్ళు నాకు తెలుసు. కానీ రోడ్డు కావాలంటే అమ్మని వదులుకోవాలని ఆ పాలేనికి ముందుగా ఎవరు చెప్పారు?

పిన్ని, వాళ్ళక్క కొన్నేళ్ళు కంచె బయట ఇసుక ఎత్తి కొవ్వొత్తులు పెట్టారు. గెస్టులు నడిచే దారి అని కాపలావాడు అదీ మాన్పించాడు. తర్వాత వాళ్ళక్క కూడా పోయింది. పిన్ని మాత్రం మొన్నమొన్నటిదాకా అంటూనే ఉంది: "నన్ను అమ్మ పక్కన పెట్టండి. గోడ ఉంటే ఉండనీ, అడిగి చూడండి."

అడిగి చూశాను. బాబాయి ఫోన్ చేసిన మధ్యాహ్నమే కారు మాట్లాడుకుని వెళ్ళాను. మేనేజరు కుర్చీ వేయించి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ఇక్కడ శ్మశానం ఎప్పుడూ లేదండీ. రికార్డులు చూసుకోండి. గెస్టులు భయపడతారు, కొంచెం మెల్లిగా మాట్లాడండి." ఆయన వెనక గడ్డికి నీళ్ళు పడుతున్నారు.

మర్నాడు ఆగిరిపల్లిలోనే పెట్టాం, తోటల అంచున, ఆమెకు సరిపడని ఎర్రమట్టిలో. "మట్టి గట్టిదేలే," అన్నాడు బాబాయి, నాకు ధైర్యం చెబుతున్నట్టు. "గాలికి పోదు."

ఫాదర్ చివరి ప్రార్థన చదువుతుండగా మామిడి చెట్ల మీదుగా ఝుమ్మని శబ్దం వచ్చింది. డ్రోను. వారం రోజులుగా తోటలు కొలుస్తోందనీ, ఎందుకో ఎవరూ చెప్పడం లేదనీ వెనక ఎవరో అన్నారు. అది వచ్చి సరిగ్గా మా నెత్తిన ఆగింది. ఫాదర్ గొంతు పెంచాడు. బాబాయి తలెత్తి దాన్ని కాసేపు చూశాడు. తర్వాత చేతికర్ర నాకిచ్చి, కష్టం మీద వంగి, దోసిళ్ళతో మట్టి తీసి పిన్ని మీద కుప్ప ఎత్తసాగాడు.

"పైనుంచి కనపడుతుందంటావా అమ్మా?" అన్నాడు, ఇంకో దోసెడు పోస్తూ.