అవ్వ ఎంచిన ఢోలకి

కొత్త కీబోర్డు పెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది. థర్మోకోల్ ముక్కలది, ప్లాస్టిక్ సంచిది, ఇంకా ఎవరి చెమటా అంటని మెట్లది. మొన్న మా అమ్మాయికి కీబోర్డు కొందామని కరీంనగర్‌లో ఒక దుకాణానికి వెళితే, దుకాణాయన పెట్టె కోసి మూత తీసిన క్షణాన ఆ వాసన ముక్కుకు తగిలి, కాసేపు ఆయన చెబుతున్నదేదీ నా చెవికెక్కలేదు. "అరేంజర్ చూపియ్యాల్నా మేడం, వర్క్‌స్టేషన్ చూపియ్యాల్నా?" అని ఆయన మళ్లీ అడిగాడు. ఆ ప్రశ్నను నేను మొదటిసారి విన్నది కూడా ఇదే ఊళ్లో, ఇలాంటి దుకాణంలోనే, బాపుకూ అవ్వకూ, అంటే మా నాన్నకూ అమ్మకూ, మధ్య నిలబడి. అప్పుడు నేను ఆరో తరగతి.

మాది శ్రీరాంపూర్. బొగ్గుబాయిల కోసం కట్టిన కాలనీలో, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే క్వార్టర్లలో మాదొకటి. షిఫ్టు కూత మోగితే మగవాళ్లు టోపీలతో, బూట్లతో బయలుదేరేవారు; మరో కూత మోగితే కళ్ల చుట్టూ కాటుక పెట్టుకున్నట్టు నల్లటి గీతలతో తిరిగొచ్చేవారు. పొద్దున పూట ప్రతి వాకిట్లోనూ బొగ్గు పొయ్యి రాజేసేవారు. చలికాలం ఆ పొగలో బడికి నడుస్తుంటే ముందు పోయే పిల్ల కనబడేది కాదు, దాని దగ్గు మాత్రం వినబడేది. తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. ఒక గోడకవతల ఒడియా మాటలు, ఇంకో గోడకవతల ఉర్దూ, మా ఇంట్లో తెలుగూ మరాఠీ కలిసిన అవ్వ మాటలు. ఆడపిల్లలం గచ్చకాయలు ఆడుకునేవాళ్లం, మగపిల్లలు కర్రతో బిళ్లను ఎగరగొట్టే చిర్రగోనె ఆడి ఎవరో ఒకరి నుదురు పగలగొట్టుకునేవారు. బతుకమ్మ రోజులొస్తే నువ్వులూ పల్లీలూ వేయించి బెల్లంతో దంచే వాసన వీధి వీధంతా లేచి, ఆ కొద్దిరోజులూ బొగ్గు పొగను కూడా ఓడించేది.

అవ్వది ఆదిలాబాద్ కొసన, పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ భజనల్లో ఢోలకి వాయించే మా తాతకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురి చేతికే ఆ విద్య వచ్చింది. పెళ్లయి శ్రీరాంపూర్ వచ్చేటప్పుడు ఇత్తడి బిందెలను బండిలో వేసి, ఢోలకిని మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చిందట. కాలనీ ఆడవాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచేవారు కాదు, "ఢోలకామె" అనేవారు. అందులో సగం ముచ్చట, సగం ఎకసెక్కెం. వానాకాలం చర్మం సడలితే అవ్వ అన్నం వార్చిన పొయ్యి పక్కన దాన్ని కాసేపు నిలబెట్టి, చెవి దగ్గరికి తీసుకుని గోటితో మీటి, తాళ్లు బిగించి, మళ్లీ మీటేది. కూరలో ఉప్పు చూసుకున్నంత మామూలుగా చేసేది ఆ పని.

బాపు హార్మోనియం వాయించేవాడు. బాయిలో బాపుతో పనిచేసే సదానందం పాడేవాడు. ఆయన్ను నేను కాక అని, అంటే బాబాయి అని, పిలిచేదాన్ని. ఈ ముగ్గురే మా బృందం. గణపతి మండపానికి పిలిస్తే భజన, పెళ్లికి పిలిస్తే పాటకచ్చేరి. కాకది మెత్తటి గొంతు, కానీ ఏళ్ల తరబడి మింగిన బొగ్గు దుమ్ము ఛాతీలో పేరుకుని, చరణం సగంలోకి వచ్చేసరికి ఊపిరి అందేది కాదు. ఆ సంగతి వినేవాళ్లకు ఎన్నడూ తెలియలేదు. అవ్వ ఆయన మెడ వైపు చూస్తూ వాయించేది. అక్కడ నరం లేవగానే ఆమె చేయి కొంచెం బరువెక్కేది, నడక నెమ్మదించేది, ఎడమ అరచేతి మొదలుతో గుమ్మని ఒక దెబ్బను సాగదీసేది. ఆ సాగుడులో కాక ఊపిరి తీసుకునేవాడు. జనం అది పాటలోని సొగసనుకుని తలలూపేవారు. నేనూ అట్లాగే అనుకుని, ఒకరోజు సకినాలు చుడుతున్న అవ్వను అడిగాను. "సొగసు లేదు ఏం లేదు. పాడేటాయన ఉరుకుతె నేను ఎన్క ఉరుకాలె, ఆయన కూసుంటె నేను గూడ కూసోవాలె. గంతే బిడ్డా" అంది పిండి మీంచి కళ్లెత్తకుండానే.

అవ్వ వాయింపు బాపుకు గిట్టనిదేం కాదు. అది అందరికీ వినబడడమే గిట్టలేదు. బాయి క్యాంటీన్‌లో ఎవడో ఒకడు, "ఏందన్నా, వదినె కొడుతుంటె నువ్వు ఆడుతున్నవట" అంటే మిగతావాళ్లు చాయ్ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వేవారట. మెట్‌పల్లిలో ఒక పెళ్లికి పోయినప్పుడు పిల్లగాని తరఫు పెద్దమనిషి బాపు హార్మోనియం దాటుకుని వచ్చి, నేరుగా అవ్వకు శాలువా కప్పాడు. అవ్వ బెదురుగా బాపు వైపు చూసింది. బాపు నవ్వాడు. ఇంటికొచ్చాక నవ్వలేదు. గోడకు ఆనించిన ఢోలకిని కాలితో అవతలికి జరిపి, "గా శాలువ కప్పుకొని ఊరంత తిరుగు పో" అన్నాడు. అవ్వ ఆ శాలువాను చింపి పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డ చేసింది. అయినా బాపు కోపం దిగలేదు.

ఆ ఏడాది వానలు పడకముందు, కీబోర్డు కొంటానని బాపు మమ్మల్నిద్దరినీ కరీంనగర్ తీసుకుపోయాడు. దుకాణాయన రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టాడు. మొదటిది వర్క్‌స్టేషన్. ఒక్కో వాద్యాన్నీ మనమే వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చి పాట కట్టుకునేందుకట అది. "గానీ ప్రోగ్రాంల వాయించాల్నంటె పక్కన మనుషులుంటెనే మంచిగుంటది సార్" అన్నాడు. రెండోది అరేంజర్. ఎడమ చేత్తో రెండు మూడు మెట్లు నొక్కి పట్టుకుంటే చాలు, తాళమూ గిటారూ అన్నీ వాటంతటవే వెంట నడిచాయి. "దీనికి ఎవ్వలొద్దు. మీరొక్కలే బ్యాండంత."

"ఒక్కన్నే సాలునా?" అన్నాడు బాపు.

"ఒక్కలే సాలు సార్."

"ఢోలకి గూడ అదే కొట్టుకుంటదా?" ఈ ప్రశ్న దుకాణాయనకే వేశాడు గానీ, చూపు మాత్రం అవ్వ మీద ఉంది.

"కొట్టుకుంటది."

అవ్వ అప్పటికే మొదటి యంత్రం దగ్గర నిలబడి ఉంది. దుకాణాయన అందులో పిల్లనగ్రోవి వాయించి చూపినప్పటినుంచీ అక్కడినుంచి కదల్లేదు. "గిది మంచిగున్నది. ఇందుల ఊపిరున్నట్టు అనిపిస్తుంది" అంది.

"నిన్నెవలడిగిన్రు?" అన్నాడు బాపు. దుకాణాయన తల దించుకుని తీగలు చుట్టడంలో పడ్డాడు.

అరేంజర్‌లో ఢోలకి తాళాలు చాలా ఉన్నాయి. బాపు వాటిని ఒక్కొక్కటే మోగించి చూసి ఎటూ తేల్చుకోలేకపోయాడు. అప్పుడు అవ్వను పిలిచాడు. పిలుపు మెత్తగానే ఉంది. "జర ఇటురా. ఇందుల ఏది నీ చెయ్యి లెక్కుంటదో చెప్పు."

అవ్వ కొంగు భుజం చుట్టూ లాక్కుని వంగి వింది. ఏదో ఒకటి చూపించి ఊరుకోవచ్చు, బాపుకు తేడా తెలిసేది కాదు. కానీ తప్పు తాళాన్ని ఒప్పని చెప్పడం ఆమెకు చేతకాదు. కళ్లు మూసుకుని అన్నీ విని, ఒకదాని దగ్గర వేలెత్తింది. "గిది. చెయ్యి జర అల్కగ, బరువు లేకుంట ఉన్నది గని, నడక నాదే."

"ఇగ గిదే కట్టుండ్రి" అన్నాడు బాపు. తిరుగు బస్సులో, పైన పెడితే దెబ్బ తగులుతుందని ఆ పెట్టెను అవ్వ ఒళ్లోనే పెట్టాడు. సుల్తానాబాద్ దగ్గర రైస్‌మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. నాకు ఆకలేసింది. అవ్వను అడుగుదామంటే పెట్టె అడ్డంగా ఉండి ఆమె ముఖం కనబడలేదు.

వినాయక చవితి నాటికి యంత్రం బాపు చేతికి లొంగింది. ఇక అవ్వ రానక్కర్లేదన్నాడు. కాలనీ మండపం వాళ్లు "ఢోలకామె లేకుంటె ఎట్లన్నా" అనేసరికి, "సరే, పక్కన కూసోని కొట్టుమను" అన్నాడు. సాయంత్రం హారతి అయింది. చేతుల్లో పులిహోర ఆకులతో కాలనీ అంతా కూర్చుంది. కాక పాట ఎత్తుకున్నాడు.

మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో కాక మెడ మీద నరం లేచింది. అవ్వ చేయి నెమ్మదించింది. యంత్రం నెమ్మదించలేదు. అవ్వ సాగదీసిన దెబ్బ దాని దెబ్బల మధ్య ఎక్కడో పడి, మెట్లు దిగుతూ కాలు తప్పిన మనిషి చప్పుడులా వినబడింది. ఏది వినాలో తెలియక కాక అటూ ఇటూ చూశాడు, ఒక మాట మింగాడు, అందుకోవాలని ఉరికాడు, దగ్గు తెర పట్టుకుంది. మైకులోంచి ఆ దగ్గు కాలనీ అంతా మోగింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. పిల్లలు ఆ దగ్గును దగ్గి చూపించారు. "ఢోలకామెకు తాళం తప్పింది!" అని వెనకనుంచి ఒక అరుపు.

యంత్రాన్ని ఆపడానికి ఒక మీట నొక్కితే సరిపోయేది. బాపు కుడిచేయి మెట్ల మీంచి తీసి, చాచి, అవ్వ రెండు చేతుల మీద పెట్టి అదిమాడు. "నువ్వు ఆపు. మిషిన్ తప్పుతదా?" మైకు పక్కనే ఉండటంతో ఆ మాట అందరికీ వినబడింది. జనం చప్పట్లు కొట్టి నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఇన్నేళ్లూ తనను చూసి నవ్వినవాళ్లు ఇప్పుడు తనతో కలిసి నవ్వుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. అంత సంతోషంగా బాపును నేను అంతకుముందు చూడలేదు.

అవ్వ చేతులు వెనక్కి తీసుకుంది. కాక మైకు కింద పెట్టి, మండపం వెనకనుంచి దగ్గుకుంటూ వెళ్లిపోయాడు. పాడేవాడు లేకపోయినా తాళం ఆగలేదు.

కాక మళ్లీ పాడలేదు. కొంతకాలానికి మంచం పట్టాడు. అవ్వ చూడబోతే, "వదినె, నువ్వు నాకోసం ఆగినవు. నాకెరికే" అన్నాడట. ఆ తర్వాతి ఎండాకాలమే పోయాడు. అవ్వ ఢోలకి తాళ్లు వదులుచేసి అటక మీద పెట్టింది, మళ్లీ పొయ్యి దగ్గరికి తేలేదు. ఒక వానాకాలం ఎలుకలు దాని చర్మం కొరికి కింద పోస్తే, ఆ ముక్కలను చెత్తతోపాటు ఊడ్చి బయట పోసింది. బాపు ఒక్కడే పెళ్లిళ్లకు పోయేవాడు, ఒక్కడే శాలువాలు కప్పించుకొచ్చేవాడు. ముందు గదిలో ఆయన సాధన చేస్తుంటే, అవ్వ ఎంచిన ఢోలకి ఇల్లంతా మోగేది. అవ్వ వంటింట్లో రొట్టెలు కొడుతుండేది. ఒకసారి మాత్రం లోపలినుంచి, పాత అలవాటున, "గంత ఉరికియ్యకు. జర ఊపిరి దీసుకోనియ్యి" అంది.

"ఎవలకు?" అన్నాడు బాపు.

నిజమే, పాడేవాళ్లెవరూ లేరు. వంటింట్లో మళ్లీ రొట్టెల చప్పుడు మొదలైంది.

అవ్వ పోయిన తర్వాత, పెద్దకర్మ నాడు ఆమె ఫోటో ముందు బాపు భజన పెట్టాడు, అదే యంత్రంతో, అదే తాళంతో. భోజనాలకు కూర్చున్నవాళ్లు, "గీ వయసుల గూడ ఎంత మంచిగ వాయించిండు" అనుకున్నారు. నేను వడ్డిస్తూ విన్నాను.

ఇప్పుడు మా క్వార్టర్ లేదు. ఆ వరుసంతా పడగొట్టారు. వాకిట్లో బొగ్గు పొయ్యి లేదు, నువ్వులు దంచే రోలు లేదు. పెళ్లికి ముగ్గురు మనుషులు బస్సెక్కి పాడటానికి పోవడమన్నది మా అమ్మాయికి చెప్పినా అర్థం కాదు. దుకాణంలో ఆ పిల్ల అరేంజర్ దగ్గరే నిలబడింది, నొక్కగానే పాటలా మోగుతుందని. నేను వర్క్‌స్టేషన్ వైపు ఒకసారి చూసి, మా ఇంట్లో పక్కన కూర్చుని వాయించే మనుషులెవరున్నారని, అరేంజరే కట్టించాను.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న ఆదివారం పొద్దున చాయ్ ఇచ్చి, "బాపూ, అవ్వ ఎట్ల కొడుతుండె?" అని అడిగాను. అవ్వ వాయించగా ఎవరూ పట్టి ఉంచలేదు. ఒక్క క్యాసెట్టు కూడా లేదు. బాపు చాయ్ కింద పెట్టి, కుర్చీ చేతి మీద వేళ్లతో కొట్టి చూపించాడు. చకచకా, తేలిగ్గా, ఒకే నడకలో. "గిట్లనే కొడుతుండె మీ అవ్వ. గింత గూడ తప్పకపోతుండె" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది అవ్వ తాళం కాదు, యంత్రానిది. ఆయనకు ఆ తేడా చూపిద్దామని నేనూ బల్ల మీద చేయి పెట్టాను, ఆ సాగుడు ఎక్కడ వచ్చేదో గుర్తు తెచ్చుకోబోయాను. నా వేళ్లు కూడా బాపు వేళ్లలాగే చకచకా పోయాయి. మా అమ్మాయి మా ఇద్దరినీ చూసి తలూపుతూ చప్పట్లు కలిపింది. ముగ్గురిలో ఎవరమూ ఎక్కడా ఆగలేకపోయాం.