తల వెనక జుట్టు

పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆమె తొమ్మిదేళ్ళుగా ఆయా. సిబ్బంది పిల్లల్ని అక్కడ చేర్చుకోరు. సొంత బిడ్డ కళ్ళెదుట ఉంటే పరాయి బిడ్డల మీద చెయ్యి ఆడదని నియమం. అందుకే ఎనిమిది నెలల కూతురికి వేరే చోటు వెతకాల్సి వచ్చింది.

వెళ్ళిన చోటల్లా ఆమె పిల్లల తల వెనక చూసేది. ఎత్తుకునే దిక్కులేక పొద్దంతా వెల్లకిలా పడున్న బిడ్డకు అక్కడ జుట్టు రాసుకుపోయి నున్నగా అవుతుంది. తల్లులు వచ్చే ముందు మొహాలు తుడవచ్చు. దాన్ని తుడవలేరు.

"చోటు వెతకమంటే మంగలిలా తలలు చూస్తూ తిరుగుతున్నావేంటే?" అన్నాడు మొగుడు.

"నీకు గోడ మీద ఏనుగు బొమ్మ చాలు. మా కేంద్రంలో ఆ ఏనుగుని గీసింది నేనే."

నాలుగో చోట తలుపు తీసిన పెద్దావిడ చంకలో ఒక బిడ్డ ఉంది. లోపల ఎవరో ఏడ్చారు. ఎవరో ఎత్తుకున్నారు. ఏడుపు ఆగింది. ఒక్క తల కూడా నున్నగా లేదు.

"ఎన్నింటికి దింపుతావు తల్లీ?"

"ఆరున్నరకండీ. ఏడింటికి నా డ్యూటీ."

"మేం తీసేదే ఎనిమిదింటికి. ఏం పని?"

"ఆయానండీ."

పెద్దావిడ చంకలో బిడ్డ వీపు నిమిరింది.

మర్నాడు ఆమె తన కేంద్రం మేడమ్‌ని గంటన్నర ఆలస్యంగా వస్తానని అడిగింది.

"ఏడింటికొచ్చే తల్లులకేం చెప్పను? ఆయమ్మ కూతురింకా నిద్ర లేవలేదనా?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. ఆరున్నరకు తెరిచేది ఒక్కటే, ఆమె రెండోదిగా చూసి వద్దనుకున్న చోటు. ఒక ఆయా, పదిమంది పిల్లలు, రెండు చేతులు.

"దిగులు పడకక్కా, నా బిడ్డలా చూసుకుంటా" అంది ఆ ఆయా, పిల్లని అందుకుంటూ. అరగంట తర్వాత తన కేంద్రం గుమ్మంలో నిలబడి ఆమె కూడా వచ్చిన ప్రతి తల్లికీ అదే మాట చెప్పింది.

మూడో వారం ఒక సాయంత్రం కూతురు నెత్తిన కొత్త టోపీతో చేతికొచ్చింది.

"చలిగాలి కదక్కా" అంది ఆయా.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఉక్కకి పిల్ల నుదురు చెమర్చింది. ఆమె ఇల్లు చేరేదాకా టోపీ విప్పలేదు. విప్పి చూడాల్సినదేమీ లేదు. తల్లులు వచ్చే వేళకి తన కేంద్రంలో పిల్లలకి టోపీలు తొడిగేది తనే.