కురమోచి గారి కుడి భుజం

సూదివైద్యం చేసే తోమియే బొటనవేలు కురమోచి గారి కుడి భుజం మీద మెల్లగా పాకి, చింతగింజంత గట్టి ముడి దగ్గర ఆగింది. రోగి మాట కన్నా ఆ వేలి మాటే ఆమెకు నమ్మకం. "మూడు రోజులూ విశ్రాంతిలోనే ఉన్నానన్నారే?" అంది. "ఒట్టు డాక్టరమ్మా, గేట్‌బాల్ ఆట కర్ర ముట్టనేలేదు," అన్నాడాయన. రేపే పోటీ, చెయ్యి లేవకపోతే జట్టులో చోటు పోతుంది. అంతలో కిటికీ బయట వీధి సిగ్నల్ మారింది. పక్కకు తిరిగి పడుకున్న ఆయన చటుక్కున చెయ్యి చాచి, వేలు చూపి, "పచ్చ, సరే!" అని అరిచాడు. చెయ్యి సగంలోనే ఆగిపోయింది. "అబ్బా!" నలభై ఏళ్లు రైలు నడుపుతూ ప్రతి సిగ్నల్‌కీ వేలు చూపి, పైకి పలికిన అలవాటు అది.

"ఇదా మీ విశ్రాంతి! రోజుకెన్ని సిగ్నళ్లు?"

"దారిలో ఉన్నన్ని."

నవ్వు ఆపుకుని ఆమె వెంట్రుకంత సన్నటి, మందు లేని సూదిని ముడిలోకి దింపింది. కండ ఒక్కసారి చేపలా ఎగిరి వదులైంది. సూది తీసి, దూదితో ఒత్తి, "ఇప్పుడు ఎత్తండి," అంది. చెయ్యి చెవి దాకా లేచింది.

బయట బల్ల మీద ఆయన భార్య కూర్చుని ఉంది. రేపటి ఎదుటి జట్టుకు నాయకురాలు ఆవిడే. గొంతు తగ్గించి, "కాస్త నొప్పి ఉంచారా?" అని అడిగింది.

"సగం పని నాకు చేతకాదమ్మా," అంటూ తోమియే ఆయన్ని అప్పగించింది.