సైరన్ ఆగేదాకా సాగే పాట

రోత పుట్టింది. ఎంత వెతికినా ఇంకో మాట దొరకలేదు నాకు.

డిసెంబరు వచ్చిందంటే నేను కాచుకుని ఉండేది ఒక్కదాని కోసమే. బెల్లంపల్లి బొగ్గు బాయి కాలనీలో చర్చి పాటల బృందం ఒకటి ఉంది. ఏటా క్రిస్మస్‌కు కొత్త పాట ఒకటి చేస్తారు. నేను క్రైస్తవుణ్ణి కాను, మా ఇంట్లో ఉండేది రాజన్న దేవుడి పటం. అయినా బాయిలో పనిచేసినన్నాళ్లూ వాళ్ల క్వార్టర్ల వరసలోనే బతికాను, ఆ పాటలు వింటూనే ముసలివాణ్ణయ్యాను. రిటైరై సుల్తానాబాద్ వచ్చి పడ్డా చెవి మాత్రం అక్కడే ఉండిపోయింది.

బడి మొహం చూసినవాణ్ణి కాను. బాయి దగ్గరి హెచ్చరిక బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను, మిగతాది పాత పేపర్లు నేర్పాయి. సంగీతం అసలే చదవలేదు. కానీ ఏది పాటో ఏది మోతో చెప్పడానికి చదువెందుకు?

ఈ బృందానికి ఒక పద్ధతి ఉంది. అప్పట్లో సాయంత్రం పూట చర్చి పక్కన రేకుల షెడ్డులో పాట సాధన చేసేవాళ్లు. సరిగ్గా మధ్యలో షిఫ్టు సైరన్ కూసేది. ఆపి మళ్లీ ఎత్తుకుంటే శ్రుతి చెడుతుందని వాళ్లు ఆపేవాళ్లు కాదు. పల్లవి చివరి మాటను పట్టుకుని సైరన్ ఆగేదాకా సాగదీసేవాళ్లు. సైరన్ ఆగగానే డోలక్ మీద దెబ్బ పడేది, చరణం మొదలయ్యేది. అదే అలవాటైంది. తర్వాత బాయిలు మూతపడుతూ వచ్చాయి, సైరన్ పోయింది, సాగదీత మాత్రం పోలేదు. బయటివాళ్లకు అదెందుకో తెలియదు. నాకు మాత్రం అది వింటే తువ్వాల భుజానేసుకుని బాయికి నడిచే మనుషులు కనిపిస్తారు.

ఆ సాగదీత ఇప్పుడు ఒక్క గొంతులోనే మిగిలింది, మా వదినె గొంతులో. సొంత వదినె కాదు. నాతో బాయిలో దిగిన స్నేహితుడి భార్య. ఆయన పోయాడు. ఆయన పోయినప్పటినుంచి పాడనని కూర్చున్న మనిషిని, ఈ ఏడు బృందంలోని పిల్లలు బతిమాలి కరీంనగర్ స్టూడియోకు తీసుకుపోయి పాడించారు.

పాట ఫోన్లోకి వచ్చిన రోజు మిద్దె మీద ఎండలో కూర్చుని విన్నాను. బాగుంది. బాగుందని చెప్పకపోతే పాపం. డోలక్, హార్మోనియం, ఒక గిటారు, అంతే. పల్లవి చివర వదినె ‘వెలుగు’ అనే మాటను పట్టుకుంది. గొంతు జీరపోయింది, ఊపిరి వణికింది, అయినా వదల్లేదు. నా చేతిలో చాయ చల్లారిపోయింది.

కొద్దిరోజులకే దాని పిశాచాలు బయల్దేరాయి. డీజే మిక్స్, తీన్మార్ మిక్స్, రోడ్ షో మిక్స్. కూరగాయల ఆటోలో అదే, సెలూన్లో అదే. గణపతి నిమజ్జనానికి ఏ మోత మోగించారో, పెళ్లి బరాత్‌కు, ఓట్ల ఊరేగింపుకు ఏ మోత మోగించారో, ఆ మోతే తెచ్చి పశువుల పాకలో పుట్టిన పసివాడి నెత్తిన వేశారు. వదినె గొంతును దోమ గొంతు చేశారు. అన్నిటికంటే రోత, ఆ సాగదీతను కోసేశారు. ఖాళీ చోటనుకున్నాడు కాబోలు ఆ డీజే వెధవ, అక్కడ లారీ హారన్ పెట్టి, దాని మీద తన పేరు తానే అరుచుకున్నాడు. కొత్తగా సున్నం వేసిన గోడ మీద పాన్ ఉమ్మేసి, పక్కన సంతకం చేసినట్టు!

పాట బాగుందని చెబుదామని వదినెకు ఫోన్ చేశాను.

“ఏం బాగున్నది మర్దీ, నన్ను నవ్వులపాలు జేసిండ్రు,” అంది. “మా కోడలు ఫోన్ల విన్న. నా గొంతు గట్లనా ఉన్నది, పిట్టపిల్ల ఒర్రినట్టు? ఆఖరుకు దమ్ము నిలుపలేదని కోసిండ్రు. కోసి హారన్ గొట్టిండ్రు. ముసల్దానా పక్కకు జరుగు అన్నట్టే గదా!”

“అది నీ పాట గాదు వదినె, ఎవడో...”

“ఊకో. అందరి ఫోన్లల్ల గదే ఉన్నది. పండుగనాడు నేను పాడ. పాస్టరయ్యకు జెప్పిన.” ఫోన్ పెట్టేసింది.

అసలు పాట ఆమె విననేలేదు! తన పాటకు ఎవడో కట్టిన దిష్టిబొమ్మను చూసి, అదే తన మొహమనుకుని మూలన కూర్చుంది. ఈ పండుగకు ఆమె పాడకపోతే సాగదీత అక్కడితో సరి. పిల్లలు నేర్చుకునేది విని కదా, వాళ్ల చెవుల్లో ఇప్పుడు హారన్ ఉంది.

మర్నాడే పెద్దపల్లి పోయి బెల్లంపల్లి రైలెక్కాను. ఎదురుగా ఒకడు ఆ మిక్సే గట్టిగా పెట్టుకున్నాడు.

“జర బంద్ జెయ్ బిడ్డా,” అన్నాను.

“దేవుని పాట తాతా.”

“దేవునిదైతే దేవునికి వినిపియ్యి. నా చెవుల్ల ఎందుకు వోస్తున్నవ్?”

వాడు సౌండు ఇంకా పెంచాడు.

క్వార్టర్‌కు పోయేసరికి వదినె పండుగకు గరిజెలు ఒత్తుతూ ఉంది. కోడలు పొయ్యి దగ్గర వేయిస్తోంది.

“తినుటానికైతే రా మర్దీ. పాట ముచ్చటైతే గటే మర్లిపో,” అంది వదినె.

నేను పిండి పళ్లెం పక్కన ఫోన్ పెట్టాను.

“ఆ పాటనే గదా మామా, రోజు వింటనే ఉన్నం,” అంది కోడలు.

“మీరు విన్నది పాట గాదు బిడ్డా. పాటను తొక్కిన బండి సప్పుడు.”

అసలు పాట మొదలైంది. పల్లవి చివరికి వచ్చేసరికి వదినె చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. సాగదీత సాగినంతసేపూ తనూ ఊపిరి బిగబట్టింది. కోడలు కూడా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది, నూనెలో గరిజె మాడింది.

“జీర వచ్చింది,” అంది వదినె.

“వచ్చింది.”

“వణికింది.”

“వణికింది.” అబద్ధం చెప్పడం నా వల్ల కాదు.

“గని ఇడువలే.”

“ఇడువలే వదినె.”

“మీ అన్న ఉంటేనా, సైరన్ బందయ్యి ఎంతసేపాయె, ఇగ చాలు తియ్యి అంటుండె,” అని పడీ పడీ నవ్వింది.

“పండుగనాడు పాడ్తవా మరి?”

“పాడ్త. గని ముందుగాల ఆ గంతులది పెట్టుమను.”

“ఏందీ?”

“నా గొంతు నాకాడ్నే ఉన్నదని తెలిసినంక ఇగ ఫికరేంది? మా మనవరాలు దానికి దుంకుతది, సూడ ముచ్చటైతది. పెట్టు బిడ్డా!”

కోడలు పెట్టింది. లోపలి నుంచి మనవరాలు ఉరికొచ్చి గంతులేసింది. క్వార్టర్ రేకులు దడదడలాడాయి. దోమ గొంతు కూసింది. హారన్ మోగింది, ఆ వెధవ తన పేరు అరిచాడు. సరిగ్గా అక్కడే వదినె పిండి చేతులతో చప్పట్లు కొట్టింది!

“మర్దీ, పండుగనాడు ముందల వరసల కూసో,” అంది నా వైపు తిరిగి. “గని మొకం గట్ల వెట్టకు. సూస్తె నాకు దమ్ము నిలువది.”

నేను మాడిన గరిజె తీసుకుని నోట్లో వేసుకున్నాను. మొహం అలా ఉండడానికి ఒక సాకన్నా దొరికింది.