మావయ్యగారి పాత స్టాకు

లేదండి, నేను ఏడవలేదు. మొదటిరోజు వెళ్ళలేదు కూడా. ఎవరూ అడగలేదని నాకు తెలుసు. అడిగితే ఏం చెప్పాలా అని ఇన్నాళ్ళుగా నాలో నేనే అనుకుంటున్నాను, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

మావయ్యగారు పోయిన సంగతి నాకు ఫోన్లోనే తెలిసింది. పొద్దున్నే స్టేటస్‌లు చూస్తుంటే, ఆయన కొట్టుకి వచ్చే హెడ్మాస్టరుగారి స్టేటస్‌లో మావయ్యగారి ఫొటో ఉంది. చుట్టూ పూలు, కింద జోడించిన చేతుల బొమ్మ. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నవ్వుతున్నారు. కొట్లో తీసిన ఫొటోయే, వెనకాల బ్రష్షుల అర కనిపిస్తోంది. అమ్మకి చూపించాను. అమ్మ మగ్గం ఆపేసి, "అయ్యో, మొన్న మొన్ననే కదరా మనింటికొచ్చి టీ తాగేరు!" అంది. రాత్రి గుండెల్లో నొప్పన్నారట, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. నేను ఫోను బోర్లా పెట్టేసి మళ్ళీ పనిలో కూర్చున్నాను. మగ్గానికి కావలసిన నూలు కండెలకి చుట్టడం నా పని. ఆ రోజు రోజూ కంటే ఎక్కువే చుట్టాను.

ఆయన నాకు సొంత మావయ్య కాదు. అమలాపురంలో గడియారస్తంభం నుంచి లోపలికి వెళ్ళే సందులో ఆయన కొట్టు. గడ్డం గీసుకునే సామాను తప్ప ఇంకేమీ అమ్మేవారు కాదు. బ్రష్షులు, గుండ్రటి సబ్బులు, ఇనప రేజర్లు, రెండు పక్కలా పదునుండే బ్లేళ్ళు, పటిక. అంతే. ఆ అద్దాల బల్ల మీద చెయ్యి పెడితే సబ్బు వాసన సాయంత్రం దాకా వదిలేది కాదు.

నేను మొదటిసారి వెళ్ళింది పటిక కోసం. తొమ్మిదో తరగతితో బడి మానేశాను. ఆ మరుసటేడు గడ్డం మొదలైంది. నాన్న సముద్రం దగ్గర రొయ్యల చెరువులకి కాపలా ఉంటారు, పదిహేను రోజులకోసారి వస్తారు. ఆయన్ని అడగాలంటే సిగ్గు. ఫోన్లో చూసి ఒక రేజరు తెప్పించుకుని, తలుపేసుకుని గీసుకున్నాను. మొహం నిండా గాట్లు. అమ్మ చూసి ముందు భయపడింది, తరవాత నవ్వింది, పటిక కొనుక్కురమ్మని సైకిలిచ్చి పంపింది.

మావయ్యగారు నన్ను చూడగానే కళ్ళజోడు కిందకి దించారు.

"ఏంట్రా బాబూ ఇది? గెడ్డం గీసుకున్నావా, కొబ్బరికాయ వలిచేవా?"

నేను పటిక వైపు వేలు చూపించాను. నాకు ఎదురుగా మాటలు రావు. ఇలా టైపు చేస్తే వస్తాయి గానీ, మనిషి ముందు నిలబడితే అవునని చెప్పే 'ఆయ్' తప్ప పెద్దగా ఏదీ రాదు.

"ఎక్కడ కొన్నావు రేజరు?"

ఫోను చూపించాను.

"ఆ ఫోనుకి గెడ్డం ఉందంట్రా? గెడ్డం లేనోడి దగ్గర రేజరు కొంటే ఇలాగే ఉంటది మరి. లోపలికి రా."

కొట్టు వెనకాల చిన్న వరండా, కొళాయి, గోడకి అద్దం. రెండు ఆదివారాలు అక్కడే నేర్పారు. మొదటి ఆదివారం రేజర్లో బ్లేడు పెట్టనివ్వలేదు. మొహం నిండా నురగ పట్టించి, ఉత్త రేజరుతో గీయమన్నారు. "బరువు నువ్వు పెట్టకు. రేజరుకి దాని బరువు దానికుంది" అనేవారు. వెంట్రుక ఎటు వాలితే అటు గీయాలని, దవడ కింద వాలు మారిపోతుందని, వేలితో తడిమి చూపించారు. రెండో ఆదివారం బ్లేడు ఇచ్చారు. ఇచ్చారంటే చేతికివ్వలేదు. బ్లేడు చేతిలోంచి చేతికిస్తే ఇద్దరికీ గొడవలొస్తాయని ఆయన నమ్మకం. కొట్లో ఎవరొచ్చినా బ్లేడు పొట్లం బల్ల అద్దం మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవారు. మనమే తీసుకోవాలి. దీపాలు పెట్టే వేళ అయితే అసలు అమ్మేవారే కాదు. "ఓ పావుగంట కూర్చోండి" అని స్టూలు జరిపేవారు.

ఆ రోజు ఒక్క గాటు కూడా పడలేదు. ఆయన నా రెండు బుగ్గలూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. కొనడానికేమీ ఉండేది కాదు. ఊరికే స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆయన మాట్లాడుతుంటే వినేవాణ్ణి.

బ్రష్షు అమ్మడం ఆయన దగ్గరే చూడాలి. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, బ్రష్షు ముంచి, విదిలించి, వచ్చినాయన మణికట్టు లోపలివైపు మెల్లగా తిప్పేవారు. "ఎలా ఉందండీ? పిల్లి వచ్చి రాసుకున్నట్టు లేదూ?" వాళ్ళు నవ్వేవారు, కొనేవారు. "ఇలా ముట్టుకోకుండా కొన్నది మనది కాదండి" అనేవారు మావయ్యగారు. ఫోన్లో కొనేవాళ్ళని తిట్టని రోజు లేదు.

ఒక ఆదివారం కొట్లో ఎవరూ లేనప్పుడు నా పక్కన కూర్చున్నారు. కాకినాడ నుంచి సరుకు తెచ్చే ఏజెంటు రావడం మానేశాడట. ఈ బ్రష్షులు ఇప్పుడెవరూ అడగడం లేదని చెప్పాడట.

"ఒరే, నీ ఫోన్లో ఇవి ఉంటాయి కదూ?"

"ఆయ్."

"ఓ రెండు తెప్పించు. ఎలా ఉంటాయో చూద్దాం. ఎవరికీ చెప్పకేం."

డబ్బు ముందే నా జేబులో పెట్టారు. పార్శిలు బండారులంకలో మా ఇంటికి వచ్చింది. సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన వాటిని ఒక పూటంతా నీళ్ళలో నానబెట్టి, దువ్వెనతో దువ్వి, అరచేతిలో రుద్ది, ఎన్ని వెంట్రుకలు ఊడాయో తెల్లకాగితం మీద పెట్టి చూశారు. ఒకటి పక్కన పెట్టి, "ఇది పనికిరాదు, వెనక్కి పంపెయ్" అన్నారు. రెండోది ఆ వారం అరలోకి ఎక్కింది. అట్టపెట్టె లేదు. పాత పేపరులో చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఎవరో అడిగితే, "పాత స్టాకండి. ఇలాంటివి ఇప్పుడు రావడం లేదు" అన్నారు.

నావైపు చూసి కన్ను గీటారు. నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది. కొట్టులోని అంత పెద్ద రహస్యం ఆయనకీ నాకే తెలుసు.

ఏడాది పాటు అలాగే నడిచింది. తెప్పించిన వాటిలో సగం పైగా వెనక్కే పంపేవారు. ఇలా ఇంకొన్ని పంపితే ఇక వెనక్కి తీసుకోబోమని, నేను ఆర్డర్లు పెట్టే అమ్మ అకౌంటుకి మెసేజ్ కూడా వచ్చింది. ఆ మాట చెబితే, "వాళ్ళకి చేతులు లేవు, మనకున్నాయి. చూసి పంపొచ్చు కదా వాళ్ళే" అని కోప్పడ్డారు. ఆయన అబద్ధం ఆడుతున్నారని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మంచిది కాకపోతే అమ్మేవారు కాదు కదా అనుకునేవాణ్ణి. ఇప్పటికీ ఆ విషయంలో నాకు ఆయన మీద కోపం లేదు.

కోపం ఇంకొకదాని మీద.

వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి కొట్లో నలుగురున్నారు. హెడ్మాస్టరుగారు బల్ల ముందు నిలబడి బ్రష్షు తిప్పి చూస్తున్నారు. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది, మావయ్యగారికి అందరికంటే పాత బేరం. నా సంచిలో ముందురోజు వచ్చిన రెండు బ్రష్షులున్నాయి.

"అచ్చం ఇలాంటిదే ఫోన్లో ఉందండి. మా మనవడు చూపించేడు. పిడి కూడా ఇదే" అన్నారు హెడ్మాస్టరుగారు.

మావయ్యగారి చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. ఒక్క క్షణం. నేను చూశాను. తరవాత ఆయన కళ్ళు నామీద పడ్డాయి.

"ఫోన్లో కొన్నోళ్ళ సంగతి ఈ కుర్రోణ్ణి అడగండి మేస్టారూ. ఏరా, చెప్పు! ఫోన్లో రేజరు కొని, మొహం కొబ్బరికాయలా వలుచుకుని, ఏడుస్తా నా దగ్గరికొచ్చేడండి. ఫోనుంటే చాలు, బుర్రెందుకనుకుంటారు ఈళ్ళంతా."

అందరూ నవ్వారు. నేను ఏడుస్తూ రాలేదు.

"బడి మానేసినోడికి ఇంక ఫోనే కదండీ!" అన్నారు హెడ్మాస్టరుగారు. మళ్ళీ నవ్వారు. ఈసారి మావయ్యగారు కూడా.

"ఏరా, అవునా కాదా?" అని అడిగారు నన్ను.

"ఆయ్" అన్నాను.

హెడ్మాస్టరుగారు మణికట్టు చాపారు. మావయ్యగారు బ్రష్షు తిప్పారు. "ఈ మెత్తదనం ఫోన్లో ఎక్కడ తెలుస్తదండీ!" అంటూ హెడ్మాస్టరుగారు కొనుక్కున్నారు. ఆ బ్రష్షు నేను తెప్పించిందే. పిడి అడుగున చిన్న నొక్కు ఉంది, పెట్టె విప్పినప్పుడే చూశాను. సంచి బల్ల కింద పెట్టేసి సైకిలెక్కాను. మావయ్యగారు సంచి చూశారు. నావైపు చూడలేదు.

నాకు మాటలు రావని ఆయనకి తెలుసు. ఆ నలుగురిలో ఎవరి పేరు చెప్పినా వాళ్ళు తిరిగి ఏదో ఒకటి అనేవారు. నేను అననని తెలిసే నన్ను చూపించారు.

రెండు నెలలు వెళ్ళలేదు. ఆయన ఫోను చేసినా ఎత్తలేదు. అప్పుడొక సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. నేను రాట్నం దగ్గర కూర్చుని తల ఎత్తలేదు.

"అన్నయ్యగారూ, మావాడు ఈమధ్య మీ వైపు రావట్లేదేంటండీ?"

"పనుంటది కదమ్మా. మీవాడు బంగారం. నోరు మెదపడు. అందుకే వాడంటే నాకిష్టం."

టీ తాగారు. నా దగ్గరికొచ్చి, "కండె నున్నగా చుడుతున్నావురా" అన్నారు. తప్పయిందన్న మాట మాత్రం అనలేదు. నేను కూర్చోమనలేదు. వాన పట్టేలా ఉందని వెళ్ళిపోయారు.

నోరు మెదపడు కాబట్టి ఇష్టమట. ఆ మాటే తిరిగింది తలలో. నేనంటే ఇష్టమై రహస్యం చెప్పారనుకున్నాను ఏడాదంతా. చెప్పినా బయటికి పోని చోటు కావాలి కాబట్టి చెప్పారు. ఇలా అనుకుంటే ఆ రెండు ఆదివారాలు గుర్తొస్తాయి. నురగ, ఉత్త రేజరు, నా దవడ కింద ఆయన వేలు. అప్పటికి ఏజెంటు ఇంకా వస్తూనే ఉన్నాడు. అప్పుడు నాతో ఆయనకి ఏ పనీ లేదు. ఆ లెక్క తేలక ముందే ఆయన పోయారు. ఇది కూడా నాకు మోసంలాగే ఉంది. గొడవ మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు.

పదకొండో రోజు భోజనాలకి అమ్మ బలవంతం చేస్తే వెళ్ళాను. కొట్టు ముందే టెంటు వేశారు. మావయ్యగారి భార్య, మా అత్తయ్యగారు, నన్ను చూసి చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు. "నువ్వు రావేమో అనుకున్నాను బాబూ" అన్నారు. ఆవిడకి ఎంత తెలుసో నాకు తెలీదు.

హెడ్మాస్టరుగారు లేచి మాట్లాడారు. "ఈ ఫోన్ల కాలంలో ఫోనుకి లొంగని ఒకే ఒక్క వ్యాపారి. ముట్టుకుని చూపించి గానీ అమ్మలేదు. ఆయన పాత స్టాకుతో పాటే ఆయనా అయిపోయేరు" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. చాలామంది తుడుచుకున్నారు. నేను వాళ్ళ బుగ్గలు చూస్తున్నాను. అన్నీ నున్నగా ఉన్నాయి.

"ఆదివారం ఆదివారం కొట్లోనే ఉండేవోడివి. నువ్వూ రెండు ముక్కలు చెప్పరా" అన్నారు ఎవరో.

లేచాను. ఆ నిమిషంలో మొత్తం చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట చాలు. అందరూ నావైపే చూస్తున్నారు. అత్తయ్యగారు చూడటం లేదు, కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకున్నారు.

"గెడ్డం గీసుకోవడం నేర్పేరండి నాకు. గాటు పడకుండా" అన్నాను. కూర్చున్నాను.

నిజమే చెప్పాను. అయినా ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టదని అప్పుడే తెలిసిపోయింది.

భోజనం చేసి సైకిలు తీస్తుంటే హెడ్మాస్టరుగారు వెనకే వచ్చి హ్యాండిలు పట్టుకున్నారు. అటూ ఇటూ చూశారు.

"అబ్బాయ్, నీకో చిన్న పని. నా బ్రష్షు వెంట్రుకలు రాలిపోతున్నాయిరా. పాత స్టాకు కదా మరి. ఆయన లేరు, ఇంకెక్కడ దొరుకుద్ది? నీ ఫోన్లో నాకోటి తెప్పించి పెట్టు."

నేను పెడలు మీద కాలు వేశాను.

"మా మనవణ్ణి అడగలేనురా. వాణ్ణి ఆ ఫోను విషయంలో ఎన్ని మాటలన్నానో నీకు తెలీదు. మీ ఇంటికే తెప్పించు, నేనొచ్చి పట్టుకెళ్తాను. నువ్వైతే ఎవరికీ చెప్పవు."

ఆయ్ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆదివారం చెప్తానండి అన్నాను. ఆయన తెల్లబోయారు, అయినా హ్యాండిలు వదల్లేదు. ఆయన చెవి కింద పొద్దున గీసుకున్నప్పటి నురగ కొంచెం ఎండిపోయి తెల్లగా అంటుకుని ఉంది. ఆ టెంటు కింద అంతమంది మధ్య తిరిగినా, ఒక్కరూ ఆయనకి ఆ మాట చెప్పినట్టు లేదు.

రేపే ఆదివారం. ఏం చెప్పమంటారు నన్ను?