దోసెడు కాయలు

ఎండుమిరపకాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు సన్నగా చప్పుడు చేస్తాయి. పోపు కోసం డబ్బా మూత తీసిన ప్రతిసారీ నేను ఒక కాయ తీసి అలా ఆడిస్తాను. "ఈ వయసులో గిలక్కాయ ఆటలేంటండీ" అంటుంది మా ఆవిడ. ఆ చప్పుడు వినగానే వంటగది గోడలు నెమ్మదిగా వెనక్కి జరిగినట్టుంటుంది. రేకుల సందుల్లోంచి ఎండ పడుతుంది. ఆ ఎండలో ఎర్రటి దుమ్ము తేలుతుంది. దాని మధ్య, ముక్కుకు అడ్డంగా కొంగు చుట్టుకుని మస్తాన్‌బీ పిన్ని కూర్చుని ఉంటుంది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులవి. నల్లపాడు రోడ్డులో ఒక మిర్చి గోడౌన్‌లో నేను నెల జీతానికి గుమాస్తాగా చేరాను. కాయ వచ్చినా రాకపోయినా ఒకటో తారీకు జీతం వస్తుంది, అదృష్టవంతుడివన్నారు అందరూ. దానితోపాటు ఇంకేమేం వస్తాయో ఎవరూ చెప్పలేదు. ఆదివారాలు షావుకారు ఇంటికి గ్యాస్ బండ మోయడం వచ్చింది. ఆయన బావమరిది పెళ్లిలో నీళ్ల గ్లాసులు అందించడం వచ్చింది. ఒకసారి తేమ ఉన్న బస్తాలను ముందే పట్టుకుని, సరుకంతా బూజు పట్టకుండా కాపాడాను. ఆయన నా వైపైనా చూడకుండా, "అందుకేగా జీతం ఇచ్చేది" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

మస్తాన్‌బీ పిన్ని తొడిమలు తీసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద. వాళ్లకు జీతాల్లేవు, తీసినంతకు కూలి. పోసిన కాయల రాశి అయిపోతే మధ్యాహ్నమైనా సరే, కొంగులు దులుపుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. వెళ్లేముందు వరుసగా నిలబడి కొంగు పట్టేవాళ్లు. రాశి ముగిసిన రోజు మనిషికి దోసెడు మంచి కాయలు పోయడం అక్కడి ఆనవాయితీ. వాళ్లు వెళ్లాక, షట్టరు దించే వేళ వరకు ఖాళీ గోడౌన్‌లో నేనొక్కడినే.

మొదటిసారి నేనూ ఆ వరుస చివర తువాలు పట్టాను. షావుకారు దోసిలి గాల్లో ఆగిపోయింది.

"నీకెందుకయ్యా? నీకు జీతం ఉందిగా."

అందరూ నవ్వారు, పిన్ని తప్ప. ఆమె బయటికి వెళ్లినట్టే వెళ్లి తిరిగొచ్చింది.

"పట్టు అబ్బాయ్."

"వద్దు పిన్నీ. అడుక్కునే ఖర్మ నాకేం పట్టలేదు."

"అడుక్కోవడమేంది? నువ్వూ ఈ రాశి కాడ ఉన్నావని చెప్పడం ఇది. రోషం తర్వాత పడుదువుగానీ, ముందు తువాలు పట్టు."

తన కొంగులో ఉన్నదాంట్లో సగం పోసి వెళ్లింది.

కొన్నాళ్లకు ఆమె మోకాళ్లు వంగడం మానేశాయి. నిలబడి జట్టును చూసుకుంటే చాలు, నెల జీతం ఇస్తానన్నాడు షావుకారు. "ఎట్టుంటది అబ్బాయ్ జీతం?" అని నన్నడిగింది. గ్యాస్ బండ దగ్గర మొదలుపెట్టి నాకు జరిగినవన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "పెళ్లిలో పెరుగు వడ్డించకపోయినా పదేళ్లు చెప్పుకునే రకానివి నువ్వు. వానాకాలం కాయ లేనప్పుడు పొయ్యి మీద ఏం పెట్టాలో అది చెప్పు" అంది. ఆమె జీతానికి ఒప్పుకుంది.

ఆ తర్వాత ఆమె రాశి దగ్గర కూర్చోలేదు. చేతులకు పని లేక, నిలబడిన చోటే కొంగు అంచును తొడిమ తుంచినట్టు గిల్లుతూ ఉండేది. ఆమె దగ్గరికొస్తే జట్టులో మాటలు ఆగిపోయేవి. నిన్నటిదాకా ఆమెతో కలిసి షావుకారును ఆడిపోసుకున్నవాళ్లు ఇప్పుడు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్లు.

రాశి ముగిసిన రోజు, అలవాటు కొద్దీ ఆమె వరుసలో ముందు నిలబడి కొంగు పట్టింది.

"నువ్విప్పుడు జీతం మనిషివి కదా మస్తాన్‌బీ, మర్చిపోయావా?" అంటూ షావుకారు పక్కామెకు పోశాడు. ఆయన ఎగతాళికి అనలేదు. ఎగతాళి అయితే నేనింత బాధపడేవాణ్ణి కాదు.

ఆమె కొంగు మెల్లగా మడిచి నడుముకు దోపుకుంది. జట్టు వెళ్లిపోయింది. ఖాళీ గోడౌన్‌లో మేమిద్దరమే మిగిలాం. రేకుల మీద పావురాలు నడుస్తున్నాయి. ఎర్రటి దుమ్ము ఎండలో ఎటూ వెళ్లకుండా తేలుతోంది. గోడ వార పడి ఉన్న ఒక కాయను తీసి ఆమె చెవి దగ్గర ఆడించింది.

"షట్టరు ఎప్పుడు దించుతారు?"

"ఇంకా చాలాసేపుంది పిన్నీ."

"రోజూ ఇట్టాగే కూర్చుంటావా?"

"జీతం ఉందిగా."

చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది. ఆ కాయను నా చేతిలో పెట్టింది.

కొత్త రాశి పోసిన ఉదయం, షావుకారు వచ్చేసరికి ఆమె కాళ్లు బారజాపుకుని జట్టు మధ్యలో కూర్చుని ఉంది.

"ఏందిది మస్తాన్‌బీ?"

"తీసినంతకే ఇవ్వు అయ్యా. నెల జీతం నాకొద్దు."

"వానాకాలం ఏం తింటావు?"

"ఈళ్లంతా ఏం తింటే అదే."

ఆడవాళ్లు జరిగి ఆమె కాళ్లకు చోటిచ్చారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. ఆ రాశి ముగిసిన రోజు ఆమె కొంగు రెండు చేతులా వెడల్పుగా పట్టింది. షావుకారు దోసిలి నిండా పోశాడు.

నేను మరికొన్నేళ్లు అక్కడే ఉన్నాను, ఒక్కో మాటా దాచుకుంటూ. తర్వాత పర్చూరులో చిన్న కారం మిల్లు పెట్టుకున్నాను. పిన్ని పోయిన కబురు నాకు అక్కడే తెలిసింది.

మా మిల్లులో కోటయ్య అని ఒకాయన నెల జీతానికి పనిచేస్తాడు. ఆయన చేరాక మొదటి రాశి ముగిసిన రోజు, కూలీల వరుసకు దూరంగా కాటా పక్కన నిలబడ్డాడు. రెండు చేతులా కాయలు తీసుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్లాను.

"నాకెందుకండీ? జీతం ఇస్తున్నారుగా" అన్నాడు.

"తువాలు పట్టు" అన్నాను.